చెరసాల తోట: ఒక ఆత్మకథలోని అంతరార్థము

పరిశుద్ధ గ్రంథములో నరుని కథ తోటలో ఆరంభమగుచున్నది. మొదటి నరుడు ఉంచబడినది ఏదెను తోటలో. మన ప్రభువు అప్పగింపబడిన రాత్రి శిష్యులతో కూడ వెళ్లినది తోటకే. ఆయనను ఉంచిన సమాధి ఉన్నది తోటలోనే. పునరుత్థాన దినమున మగ్దలేనే మరియ ఆయనను ఎదుట చూచి కూడ గుర్తింపక, తోటమాలి అనుకొన్నది. కనుక క్రైస్తవ పాఠకునికి తోట అనగానే అది వట్టి చెట్టుచేమల స్థలముగా తోచదు. అప్పగింపు, ఎడబాటు, నిరీక్షణ, ఇవన్నియు ఆ మాటతో కూడ మనస్సునకు వచ్చును.

ఇట్టి శతవార్షికోత్సవ సంచికలలో సాధారణముగా ఆలయములు కట్టిన సంవత్సరములు, పెద్దల పేర్లు, పాఠశాలల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర ఉండును. అవి ఉండవలసినవే. మేము మాత్రము ఒక తోటను గూర్చి వ్రాయబూనినాము. అది మన డయోసీసులోని తోట కాదు, మన దేశములోనిదియు కాదు. 1994లో దక్షిణాఫ్రికాకు అధ్యక్షుడైన నెల్సన్ మండేలా, అదే సంవత్సరము వెలువడిన 'లాంగ్ వాక్ టు ఫ్రీడమ్' అను తన ఆత్మకథలో వర్ణించిన జైలు తోట అది. వందలాది పుటల ఆ గ్రంథములో తోటకు దక్కినవి కొద్ది పుటలే. అయినను ఆయన జీవితమునకు సంబంధించిన కఠినమైన ప్రశ్న ఒకటి ఆ కొద్ది పుటలలోనే ఉన్నదని మేము తలంచుచున్నాము. అధికారము ఏమియు లేని మనిషి దేనికి బాధ్యుడు? అధికారము చేతికి వచ్చిన తరువాత ఆ బాధ్యత ఏమగును?

బీచుపల్లి వద్ద కృష్ణ ఒడ్డున నిలిచి ఆలోచించువారికి ఇది దూరదేశపు కథగా తోచదు. ఎందువలన అనునది వ్యాసము చివర మనవి చేయుదుము.

దక్కనులోని కోట

మండేలా కంటె ముందు మన దక్కనులోనే ఒక చెరసాల తోట ఉన్నది. 1942 ఆగస్టు 9వ తేదీన, క్విట్ ఇండియా తీర్మానమైన మరునాడు ఉదయము, కాంగ్రెసు కార్యవర్గ సభ్యులను బొంబాయిలో నిర్బంధించి అహమద్‌నగర్ కోటకు తీసికొనిపోయినారు. మౌలానా ఆజాద్, నెహ్రూ, పటేల్ ప్రభృతులతో పాటు అందులో ఒక తెలుగువాడును ఉన్నాడు. ఆయన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. మద్రాసు క్రైస్తవ కళాశాల పట్టభద్రుడు, బందరులో వైద్యవృత్తి చేసినవాడు, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించినవాడు.

నెహ్రూ అక్కడ తోటపనికి పూనుకొన్నారు. ఎండలో కూడ గంటల తరబడి త్రవ్వి పూలమళ్లు సిద్ధము చేసినారు. ఆ నేల మంచిది కాదు. అంతయు రాళ్లు, పాత కట్టడముల శిథిలములు. చాంద్ బీబీ మొగలులకు ఎదురొడ్డి కాపాడిన కోట అది. పార వేసిన చోటనెల్ల చరిత్ర బయటపడినది. 1944లో ఆయన అక్కడ వ్రాసిన 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' మొదటి అధ్యాయములోనే ఈ తోటపని ప్రస్తావన ఉన్నది. చేతిలోని పారను విడిచి కలము పట్టితినని ఆయన భావము. అనగా ఆ గ్రంథములో తోటకు అర్థము త్రవ్వకము. నేలను త్రవ్వుట, దానివెంట గతమును త్రవ్వుట.

ఆ కోటనుండి వచ్చిన గ్రంథము అదొక్కటే కాదు. పట్టాభిగారు అక్కడ వ్రాసికొన్న విషయములు 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' అను పేరుతో వెలువడినవి. మౌలానా ఆజాద్ ఉర్దూ లేఖలు 'గుబారె ఖాతిర్' అను పేరుతో వచ్చినవి. మూడు గ్రంథములును 1946లోనే అచ్చయినవి. ఒకే గోడల నడుమ నివసించిన ముగ్గురు మూడు విధములుగా కాలమును సద్వినియోగము చేసికొన్నారు.

నెహ్రూది పూలతోట. మండేలాది కూరగాయల తోట. ఈ భేదము చిన్నదిగా కనబడును గాని, ముందుకు పోయినకొలది దాని ప్రాముఖ్యము తెలియగలదు.

మిషను ఆవరణలో నేర్చిన పని

మండేలా 1918 జూలై 18న దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌కయి ప్రాంతమున జన్మించినారు. తండ్రి మరణించిన తరువాత తెంబూ ప్రజల సంరక్షకుడగు జొంగింతాబా ఆయనను పెంచి, పదునారవ యేట క్లార్క్‌బెరీ అను మెథడిస్టు మిషను పాఠశాలకు పంపినారు. పాత మిషను స్థలమది. అక్కడి అధిపతి రెవరెండు హారిస్ దొరగారు. పాఠశాలలో అందరును ఆయనకు భయపడెడివారు. విద్యార్థులందరు మధ్యాహ్నపు వేళ కాయకష్టము చేయవలెను. మండేలాకు హారిస్ దొరగారి సొంత తోటలో పని ఇచ్చినారు.

ఆ తోటలో మండేలాకు వేరొక హారిస్ కనబడినారు. పాఠశాలలో కఠినుడైన మనిషి తోటలో సౌమ్యుడు, ఆలోచనలో మునిగి ఉండువాడు. దొరసానిగారు అప్పుడప్పుడు వేడివేడి రొట్టెలు పెట్టెడివారు. తోటపనియందు, కూరగాయలు పండించుటయందు తనకు జీవితాంతము నిలిచిన ప్రేమను ఆ తోటయే నాటినదని మండేలా వ్రాసినారు. తరువాత ఫోర్ట్ హేర్ కళాశాలలో కూడ ఒక ఆచార్యుని తోటలో పనిచేసినారు. జొహాన్నెస్‌బర్గులో న్యాయవాదియై ఉద్యమములో మునిగిన దినములలో మాత్రము తోటకు స్థలము లేదు, సమయమును లేదు. తనదైన తోట ఆయనకు జైలులోనే దక్కినది.

ఈ సంగతిని మనవారు ఒక్క నిమిషము ఆలోచింపవలెను. పాలమూరు సీమలో నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మొదలగు చోట్ల మిషను ఆవరణలు వెలసినవి. బంగళా, బడి, దవాఖానా, బావి, బావి చుట్టు చెట్లు, ఇవి కలిసి ఉన్న ఆవరణను మనలో పెక్కుమంది ఎరుగుదురు. బడిపిల్లల చేత మొక్కలకు నీళ్లు పోయించుటయు మనకు క్రొత్త కాదు. ఆ పనిని శిక్షగా తలచినవారున్నారు, శిక్షణగా తలచినవారున్నారు. నల్లజాతి బాలుడు తెల్లదొర తోటలో కూలి లేకుండ పనిచేయుటలో ఉన్న అసమానతను మరుగుపరచనక్కరలేదు. అయినను ఆ బాలుడు అక్కడ నుండి తీసికొనిపోయినది అవమానము కాదు, పనియందు ప్రీతి. ఈ రెండును ఒకే తోటలో ఉన్నవి. చరిత్ర వ్రాయువాడు రెంటిని చెప్పవలెను.

రాళ్ల నేలలో మడి

1964 జూన్ 12న మండేలాకును ఆయన సహచరులకును యావజ్జీవ శిక్ష పడినది. కేప్‌టౌను ఎదుట సముద్రములో ఉన్న రాబెన్ ద్వీపమునకు వారిని పంపినారు. మండేలా అచ్చట 1982 వరకు ఉన్నారు. సున్నపురాతి గనిలో ఏండ్ల తరబడి పని. ఆ తెల్లని రాతిమీద పడి తిరుగు ఎండకు కన్నులు చెడిపోయినవి.

జైలుకు వెళ్లిన తొలిదినములనుండియే ముంగిటిలో చిన్న తోట వేసికొనుటకు ఆయన అనుమతి అడిగినారు. కారణమేమియు చెప్పకుండ ఏండ్లకొలది కాదన్నారు. చివరకు గోడవెంబడి సన్నని జాగా ఒకటి ఇచ్చినారు. ఆ ముంగిలి చెత్తాచెదారము పోసి పూడ్చిన నేలమీద వేసినది. మొక్కల వేళ్లు దిగవలెనన్న ముందు రాళ్లు తీయవలెను. పగలంతయు గనిలో రాళ్లు, తీరిక వేళ తోటలో రాళ్లు. నీవు పుట్టుకతోనే గనిపనివాడవని తోటివారు ఆయనను ఎగతాళి చేసినారట.

విత్తనములు జైలువారే ఇచ్చినారు. ఆయన మొదట వేసినవి టమాటా, మిరప, ఉల్లి. మన నడిగడ్డ రైతుకు ఈ పేర్లు చెప్పగానే ఆ నేల ఎట్టిదో సగము తెలిసిపోవును. మొండి నేలను తట్టుకొను పంటలుగా ఎంచియే వాటిని వేసినారు. మొదటి కాపులు అంతంతమాత్రము. తరువాత బాగుపడినవి. మంచి టమాటాలు, ఉల్లిగడ్డలు కావలివారికి కూడ ఇచ్చెడివారు. తోట పుస్తకములు తెప్పించుకొని చదివి, ఎరువుల సంగతి నేర్చుకొన్నారు.

ఒక పంట మాత్రము ఆయనకు లొంగలేదు. అది వేరుశనగ. మట్టి మార్చినారు, ఎరువు మార్చినారు, చివరకు విడిచిపెట్టినారు. గద్వాల, వనపర్తి మార్కెట్లకు బండ్లకొలది పల్లికాయ తోలిన వంశములవారు ఈ మాట చదివి చిరునవ్వు నవ్వుదురు. పూత తరువాత ఊడ నేలలోనికి దిగవలెను, అందుకు నేల గుల్లగా ఉండవలెను, లేనియెడల పైన ఎంత పచ్చగా ఉన్నను క్రింద కాయ ఉండదని మన ప్రాంతములో చిన్నపిల్లలకును తెలియును. ఒక దేశమును నడిపించిన మనిషి పల్లికాయ పండించలేకపోతినని వ్రాసికొనుటలో ఒక అందమున్నది.

టమాటా మొక్క మరణము

జైలులో మనిషి స్వాధీనములో ఉండు బహు కొద్ది వస్తువులలో తోట ఒకటియని మండేలా భావించినారు. విత్తు వేయుట, అది పెరుగుట చూచుట, కాపాడుట, కోయుట, ఇంతే. భోజనము ఎప్పుడు, నిద్ర ఎప్పుడు, ఉత్తరము ఎన్ని నెలలకొకటి, అన్నియు ఇతరులు నిర్ణయించు చోట ఆ సన్నని మడి ఒక్కటి ఆయన సంరక్షణలో ఉన్నది. అందులో ఆయనకు స్వాతంత్ర్యము యొక్క చిన్న రుచి దొరికినది.

అక్కడనుండి ఆయన ఆలోచన నాయకత్వము మీదికి పోయినది. నాయకుడును తోటమాలి వంటివాడే. విత్తువాడు, కనిపెట్టి చూచువాడు, ఫలము కోయువాడు. తాను పెంచినదానికి తానే బాధ్యుడు. శత్రువులను తరిమి, నిలుపదగినదానిని నిలిపి, నిలువలేనిదానిని తీసివేయవలెను. ఇంతవరకు ఇది పెద్దమనుషులు సభలలో చెప్పు మాటవలెనే ఉన్నది. ఇక్కడితో ఆగినయెడల మేము ఈ వ్యాసము వ్రాయకపోవుదుము.

అయితే దాని వెంటనే వచ్చు సంగతి వేరు. ఒక టమాటా మొక్కను గూర్చి ఆయన తన భార్య విన్నీకి రెండు ఉత్తరములు వ్రాసినారు. లేత నారుగా ఉన్నప్పటినుండి పెంచి, ఎర్రని కాయలు కాయువరకు తెచ్చిన మొక్క అది. తరువాత, తన పొరపాటువలననో అశ్రద్ధవలననో, అది వాడిపోసాగినది. ఏమి చేసినను బ్రదుకలేదు. చచ్చిపోయిన తరువాత దాని వేళ్లను మట్టిలోనుండి తీసి, నీటితో కడిగి, తోటలో ఒక మూలను పాతిపెట్టినారు. ఈ చిన్న సంగతిని ఆయన ఉత్తరములో బహు విపులముగా వ్రాసినారు. తమ దాంపత్యము ఆ మొక్క దారిని పోరాదని ఆయన కోరిక. తన జీవితములో ముఖ్యమైన బంధములు పెక్కింటికి నీరు పోయలేకపోతినను బాధయు ఆయనకు ఉన్నది. కొన్నింటిని ఎవరును కాపాడలేరని కూడ ఆయనకు తోచినది.

ఆ బంధములు ఎట్టివో గ్రంథములో మరొకచోట ఉన్నది. 1968లో తల్లి మరణించినది. 1969లో పెద్ద కుమారుడు తెంబీ కారు ప్రమాదములో చనిపోయినాడు. రెండు భూస్థాపనలకును వెళ్లుటకు ఆయనకు అనుమతి రాలేదు. తల్లిని, కుమారుని మట్టికి అప్పగింపలేనివాడు టమాటా వేళ్లను కడిగి పాతిపెట్టినాడు. ఈ పోలికను ఆయన ఎక్కడను వ్రాయలేదు, మేము చదివి చెప్పుచున్నాము. గ్రంథము వెలువడునాటికి ఆయనయు విన్నీయు వేరైనట్లు ప్రకటించి రెండేండ్లు దాటినవి. 1996లో విడాకులు అయినవి. చదువువారికి ఈ సంగతి తెలియును గనుక, ఆ మొక్క కథ మరింత బరువుగా తోచును.

కనుక ఈ ఆత్మకథలో తోట విజయమునకు గుర్తు కాదు. లెక్క అప్పగించుటకు గుర్తు. కాచినదియు లెక్కలో ఉన్నది, చచ్చినదియు లెక్కలో ఉన్నది.

మట్టిలో దాచిన గ్రంథము

ఈ తోటకును ఈ గ్రంథమునకును మరొక సంబంధము ఉన్నది. ఆత్మకథ తొలిప్రతిని మండేలా వ్రాసినది రాబెన్ ద్వీపములోనే. ఆయన అరువదవ పుట్టినరోజు 1978లో వచ్చును, ఆనాటికి గ్రంథము రావలెనని అహమ్మద్ కత్రాడా, వాల్టర్ సిసూలూ అను సహచరులు ప్రోత్సహించినారు. రాత్రులు మేల్కొని రహస్యముగా వ్రాసినారు. మరి ఇద్దరు ఖైదీలు, లాలూ ఛీబా, మాక్ మహరాజ్, దానిని అతి సన్నని అక్షరములతో చిన్న కాగితములమీదికి ఎత్తి వ్రాసినారు. మహరాజ్ 1976లో విడుదలైనప్పుడు ఆ ప్రతి బయటికి వెళ్లినది.

మూలప్రతిని ఏమి చేయవలెను? ప్లాస్టికులో చుట్టి, కోకో డబ్బాలలో పెట్టి, ముంగిటి తోటలో మూడు చోట్ల పాతిపెట్టినారు. కొన్ని వారములకు అక్కడ క్రొత్త గోడ కట్టుటకు పునాది త్రవ్వసాగినారు. కొంత భాగమును ముందే తీసివేయగలిగినను, మిగిలినది అధికారుల చేతికి చిక్కినది. దానికి శిక్షగా మండేలాకును, కత్రాడాకును, సిసూలూకును నాలుగేండ్లపాటు చదువుకొను హక్కు తీసివేసినారు.

గోధుమగింజ భూమిలో పడి చావకుండినయెడల అది ఒంటిగానే యుండునన్న ప్రభువు మాట మనకు జ్ఞాపకము రాకుండ ఉండదు. పాతిపెట్టిన ప్రతి పోయినను, దాని నకలు సముద్రము దాటి 1994 నాటి గ్రంథమునకు ఆధారమైనది.

అదే జైలులో డర్బనుకు చెందిన సన్నీ వెంకటరత్నం అను ఖైదీ ఉన్నాడు. పేరులోనే తెలుగుదనము ధ్వనించుచున్నది. 1860లో మొదటి ఓడ మద్రాసునుండి డర్బను చేరిన తరువాత, చెరకు తోటల కూలికై వెళ్లినవారిలో తెలుగువారు అనేకులు. 1931లో వారు అక్కడ ఆంధ్ర మహాసభను కూడ స్థాపించుకొన్నారు. వెంకటరత్నం తన షేక్స్పియరు సంపుటమునకు దీపావళి శుభాకాంక్షల బొమ్మలు అంటించి, ఇది మా మతగ్రంథమని చెప్పి దక్కించుకొన్నాడు. మండేలా అందులో 1977 డిసెంబరు 16న తనకు నచ్చిన భాగము ప్రక్కన సంతకము చేసినారు. ఒక పుస్తకమును భక్తి దాచినది, ఒక పుస్తకమును మట్టి దాచినది.

డ్రమ్ములలో తోట

1982లో మండేలాను కేప్‌టౌను సమీపమున పోల్స్‌మూర్ జైలుకు మార్చినారు. అక్కడ వారిని మేడమీద ఉంచినారు గనుక కాలిక్రింద నేల లేదు, సిమెంటు మాత్రమే. ఆయన పదునారు నూనె డ్రమ్ములు అడిగి, సగమునకు కోయించినారు. ముప్పదిరెండు పెద్ద కుండీలైనవి. వాటిలో మంచి మట్టి పోయించి ఉల్లి, వంకాయ, కోసుగడ్డ, బీన్సు, క్యారెట్టు, దోస, టమాటా మొదలుకొని దాదాపు తొమ్మిది వందల మొక్కలు పెంచినారు. ప్రతి ఉదయము గడ్డిటోపీ పెట్టుకొని రెండు గంటలు పని. ఆదివారము కూరగాయలు జైలు వంటశాలకు ఇచ్చెడివారు, తక్కిన ఖైదీలకు ఆనాడు మంచి భోజనము అగుటకు. కావలివారు సంచులు తెచ్చుకొని పట్టుకొనిపోయెడివారు.

ఈ సందర్భములో మండేలా బైబిలును తలచుకొని చమత్కరించినారు. బైబిలు ప్రకారము తోట ముందు, తోటమాలి తరువాత. పోల్స్‌మూరులో తోటమాలి ముందు, తోట తరువాత. ఆదికాండము రెండవ అధ్యాయమును జాగ్రత్తగా చదివినవారు, నరుడు నిర్మింపబడిన పిమ్మటనే తోట వేయబడినది గదా అని అందురు. నిజమే. అయితే సేద్యపరచుటకును కాచుటకును నరుని అందులో ఉంచుట తోట వేసిన తరువాతనే జరిగినది. మనిషి ముందు పుట్టినను, పని అప్పగింపబడినది తోటలోనే. కాబట్టి మండేలా మాటయు నిలుచును. 'కాచుట' అను ఆ క్రియలోనే ఉన్నది మన విషయము.

ఉపమానమునకు హద్దు

ఇంతవరకు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. నాయకుడు తోటమాలి అను ఉపమానములో ఒక అపాయమున్నది. ప్రజలు మొక్కలు కారు. మొక్కను పీకునప్పుడు దాని సమ్మతి అడుగు తోటమాలి లేడు. ఏది నిలుచును, ఏది తీసివేయదగును అని ఒకడు తీర్మానించుట తోటలో మంచిదే, రాజ్యములో భయంకరము.

దీనికి దృష్టాంతము మన ఏటి ఒడ్డుననే ఉన్నది. అహమద్‌నగర్ కోటలో పూలమళ్లు త్రవ్విన నెహ్రూయే, ప్రధానమంత్రిగా 1963లో శ్రీశైలము ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసినారు. ఆ ఆనకట్టవలన దీపములు వెలిగినవి, పొలములు తడిసినవి. దానిని తృణీకరించుట మా ఉద్దేశము కాదు. అయితే 1980 దశకారంభములో కర్నూలు, పాలమూరు జిల్లాలలో నూరుకు పైగా గ్రామములు ఆ నీటిలో మునిగినవి. బీచుపల్లికి దిగువన కృష్ణా తుంగభద్రలు కలియు కూడవెల్లిలోని సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురమునకు తరలించి తిరిగి కట్టినారు. అది మెచ్చదగిన పని. నేడును చూచి రావచ్చును. కాని రాతిగుడిని విప్పి కట్టవచ్చును గాని, మామిడిచెట్టును విప్పి కట్టుట ఎవరికి సాధ్యము? తాత నాటిన చింతకు, ఇంటి వెనుక మునగకు, ఏటిగడ్డన కూరగాయల మడికి పరిహారపు పట్టీలో ఒక అంకె పడినదేమో గాని, వాటిని గూర్చి ఆత్మకథ వ్రాసినవారు లేరు. 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగినప్పుడును అలంపురము పరిసరములలో మరల అట్టి నష్టమే జరిగినది.

ఇక్కడ మండేలా తోటకు ఉన్న విలువ తెలియును. ఆయన తోటమాలి అయినది తన చేతిలో అధికారము ఉన్నప్పుడు కాదు. విత్తనము జైలువారిది, నేల జైలువారిది, అనుమతి జైలువారిది. అట్టి స్థితిలో బాధ్యత నేర్చుకొన్నాడు గనుక, చచ్చిన మొక్కను గూర్చి సిగ్గుపడకుండ వ్రాయగలిగినాడు. 1990 ఫిబ్రవరి 11న విడుదలై, 1994లో అధ్యక్షుడై, ఒక్క పర్యాయము మాత్రమే పాలించి 1999లో పదవి విడిచినారు. తాను నాటినది తన తరువాత ఇతరులు కాచుకొందురని నమ్మి ప్రక్కకు తొలగుట తోటమాలికి ఉండవలసిన గుణము. ఆయన పాలనలో అన్నియు పండలేదని ఆ దేశస్థులే చెప్పుదురు. 2013 డిసెంబరు 5న ఆయన మరణించిన తరువాతను ఆ చర్చ ఆగలేదు, ఆగనక్కరలేదు. తోటను ఉపమానముగా ఎత్తుకొన్న మనిషిని ఆ ఉపమానముతోనే కొలుచుట న్యాయమే.

మన సంచికకు ఒక విన్నపము

నూరేండ్ల చరిత్ర వ్రాయునప్పుడు ఫలములను లెక్కించుట సులభము. ఎన్ని సంఘములు, ఎన్ని బడులు, ఎన్ని బాప్తిస్మములు అని పట్టికలు వేయవచ్చును. వాడిపోయినవానిని గూర్చి వ్రాయుట కష్టము. మూతపడిన బడి, పిల్లలు లేక తాళము పడిన వసతిగృహము, కరవు యేట వలసపోయి తిరిగి రాని కుటుంబములు, తగవుపడి రెండైన సంఘము, ఇవియు మన తోటలోనివే. వాటిని వ్రాసినంత మాత్రమున మన సాక్ష్యము తగ్గదు. మండేలా టమాటా వేళ్లను కడిగి పాతిపెట్టినట్లు, కనీసము కడిగి, పేరు పెట్టి, ఒక మూలనైనను ఉంచవలెను. దాచిపెట్టుట వేరు, గౌరవముగా పాతిపెట్టుట వేరు.

మరియొకటి. మిషను ఆవరణలలో చెట్లు నాటించిన దొరల పేర్లు నివేదికలలో ఉన్నవి. గుంత త్రవ్వినవారు, వేసవిలో కావడితో నీళ్లు మోసినవారు, పశువులు తినకుండ ముళ్లకంప కట్టినవారు, వీరి పేర్లు అందులో కానరావు. వారు మన తాతలు, మన అవ్వలు. వారిలో పెక్కుమంది చదువు రానివారు గనుక ఆత్మకథలు వ్రాయలేదు. అయితే వారి చేతి చెట్లు కొన్ని ఇంకను ఉన్నవి. ఈ చెట్టు ఎవరు పెట్టినారు, ఈ బావి ఎవరు తోడినారు అని అడిగినయెడల చెప్పగల వృద్ధులు ప్రతి సంఘములో ఒకరిద్దరు ఇంకను ఉందురు. ఏండ్లు గడిచినకొలది వారు తగ్గిపోవుదురు.

కాబట్టి ఈ సంచికను చదువు యువజన సంఘములవారికి మా విన్నపము ఒక్కటే. వచ్చు వేసవి సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని మీ ఊరి పెద్దలయొద్దకు పోవుడి. గుడి ఆవరణలోని ప్రతి చెట్టుకు ఒక పుట కేటాయింపుడి. నాటినవారి పేరు, తెలిసినంతవరకు సంవత్సరము, దానికి నీరు పోసినవారి పేర్లు వ్రాయుడి. ఎండిపోయిన చెట్లకును, నీట మునిగిన ఊళ్ల చెట్లకును పుటలు ఉంచుడి. మునిగిన గ్రామములనుండి వచ్చి మన సంఘములలో చేరిన కుటుంబములను ప్రత్యేకముగా అడుగుడి, వారి పెరటిలో ఏమేమి ఉండెడివో. నిండిన పుస్తకములను డయోసీసు కార్యాలయములో భద్రపరచినయెడల, తరువాతి సంచిక వ్రాయువారికి అవి అక్కరకు వచ్చును.